రోడ్డు ప్రమాద మరణాలు: మృతుని వంతు తప్పు, పరిహారంలో కోత

రోడ్డు ప్రమాదంలో మరణించిన వ్యక్తి కుటుంబం మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునల్‌ను ఆశ్రయించినప్పుడు వాహన యజమాని, బీమా సంస్థ తరచుగా ముందుకు తెచ్చే వాదన ఒకటున్నది. ప్రమాదానికి మృతుడు కూడా కారకుడేనన్నది ఆ వాదన. ఇది నెగ్గినంత మాత్రాన దరఖాస్తు కొట్టివేయబడదు. అయితే ట్రిబ్యునల్ లెక్కగట్టిన మొత్తంలో మృతుని వంతుగా తేల్చిన శాతం మేరకు కోత పడుతుంది. న్యాయవాదుల వాడుకలో దీనిని కాంట్రిబ్యూటరీ నెగ్లిజెన్స్ అంటారు. తెలుగులో పాక్షిక నిర్లక్ష్యం అనవచ్చును.

గాయపడి బ్రతికిన వ్యక్తి తాను ఎటు నుంచి వస్తున్నదీ, ఎదుటి వాహనం ఏ విధంగా వచ్చినదీ సాక్షుల బోనులో నిలబడి చెప్పగలడు. మరణించిన వ్యక్తికి ఆ అవకాశం లేదు. ఎదుటి వాహన చోదకుడు మాత్రం జీవించి ఉంటాడు, తన కథనం తాను చెప్పుకుంటాడు. కనుక మృతుని వంతు తప్పు ఎంత అన్న ప్రశ్నకు సమాధానం చాలా కేసులలో ప్రమాదం జరిగిన తొలి కొన్ని గంటలలో తయారైన కాగితాల నుండే రావలసి ఉంటుంది. దర్యాప్తు అధికారులకు, ఈ తీర్పుల గురించి వ్రాసే పాత్రికేయులకు ఈ విషయంపై స్పష్టత అవసరమైనది ఇందువల్లనే.

కుటుంబానికి కోత ఎందుకు?

తప్పు చేయని భార్యాబిడ్డలకు వచ్చే పరిహారం మృతుని తప్పు కారణంగా ఎందుకు తగ్గాలన్నది సహజమైన ప్రశ్న. దీని మూలం 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టంలో ఉన్నది. మరణం సంభవించకుండా ఉంటే గాయపడిన వ్యక్తి స్వయంగా దావా వేయడానికి ఏ తప్పు అర్హత కల్పించేదో, అదే తప్పుపై ఆధారపడి కుటుంబ సభ్యులు దావా వేయవచ్చునని ఆ చట్టం చెప్పింది. అనగా కుటుంబం హక్కు మృతుని హక్కు వెంట నడుస్తుంది. ఆయన బ్రతికి ఉంటే ఎంత కోత పడేదో కుటుంబానికీ అంతే పడుతుంది.

ఒకప్పుడు పరిస్థితి ఇంతకంటె కఠినంగా ఉండేది. 1809లో ఇంగ్లండు న్యాయస్థానం ఇచ్చిన తీర్పు ప్రకారం బాధితుని వైపు కొద్దిపాటి తప్పు ఉన్నా దావా పూర్తిగా వీగిపోయేది. ఆ కాఠిన్యాన్ని సడలించినది ఒక గాడిద కేసు కావడం విశేషం. ముందుకాళ్ళకు బంధం వేసి రోడ్డుపై మేతకు వదిలిన గాడిదను వేగంగా వచ్చిన బండి తొక్కి చంపింది. గాడిదను అలా వదలడం యజమాని తప్పే అయినా, ప్రమాదాన్ని తప్పించగల చివరి అవకాశం బండివానికే ఉన్నదని 1842లో న్యాయస్థానం భావించి యజమాని పక్షాన తీర్పు చెప్పింది. తప్పును పాళ్ళుగా విభజించి ఆ మేరకు మాత్రమే నష్టపరిహారాన్ని తగ్గించే శాసనం బ్రిటన్‌లో 1945లో గాని రాలేదు. భారతదేశంలో పార్లమెంటు అటువంటి ప్రత్యేక శాసనం చేయలేదు. కేరళ 1976లో రాష్ట్ర స్థాయిలో చట్టం చేసుకున్నది. మిగిలిన చోట్ల న్యాయస్థానాలు ఈ సూత్రాన్ని న్యాయబద్ధమైనదిగా స్వీకరించి అమలు చేస్తూ వచ్చాయి. కాబట్టి ఏ తప్పుకు ఎంత శాతం అని చెప్పే పట్టిక చట్టంలో ఎక్కడా లేదు. ఏ కేసు శాతం ఆ కేసు సాక్ష్యాన్ని బట్టి తేలవలసినదే.

పాక్షిక నిర్లక్ష్యం, ఉమ్మడి నిర్లక్ష్యం

తరచుగా పొరపాటు జరిగేది ఇక్కడే. ఆటో, లారీ ఢీకొని ఆటోలో ప్రయాణిస్తున్న వ్యవసాయ కూలీ మరణించాడనుకుందాం. ఇద్దరు చోదకులదీ తప్పేనని తేలినది. ఇది కూలీ కుటుంబం దృష్ట్యా పాక్షిక నిర్లక్ష్యం కాదు, ఉమ్మడి నిర్లక్ష్యం. న్యాయవాదులు దీనిని కాంపోజిట్ నెగ్లిజెన్స్ అంటారు. మృతుని తప్పు ఏమీ లేనందున కోతకు తావు లేదు. ఈ రెండింటికీ గల తేడాను సుప్రీంకోర్టు 2008లో వివరించింది. ఉమ్మడి నిర్లక్ష్యం ఉన్నప్పుడు కుటుంబం మొత్తం పరిహారాన్ని ఇద్దరిలో ఎవరి నుండైనా వసూలు చేసుకోవచ్చునని 2015లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం స్పష్టం చేసింది. చెల్లించిన పక్షం రెండవ పక్షం వాటాను తరువాత రాబట్టుకోవాలి. ఆ భారం కుటుంబానిది కాదు.

అదే ప్రమాదంలో ఆటో చోదకుడు కూడా మరణించి ఉంటే ఆయన కుటుంబం విషయం వేరు. లారీపై వారు వేసే దరఖాస్తులో ఆయన వంతు తప్పు మేరకు కోత పడుతుంది. ఒకే ప్రమాదం, ఒకే ఎఫ్.ఐ.ఆర్., ఒకే ట్రిబ్యునల్ ఎదుట రెండు దరఖాస్తులు, రెండు భిన్నమైన ఫలితాలు. ఇందులో వైరుధ్యం లేదు. కారు చోదకుని పాక్షిక నిర్లక్ష్యాన్ని అందులోని ప్రయాణికులకు అంటగట్టరాదని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు మరొకసారి గుర్తు చేసింది.

ఆచరణలో ఒక జాగ్రత్త అవసరం. రెండు వాహనాల ప్రమేయం ఉన్నప్పుడు రెండింటి యజమానులను, బీమా సంస్థలను ప్రతివాదులుగా చేర్చడం శ్రేయస్కరం. ముందు వెళుతున్న ట్రక్కును వెనుక నుంచి కారు ఢీకొన్న ఒక కేసులో తగిన దూరం పాటించనిది కారేనని, ట్రక్కు చోదకుని తప్పు రుజువు కాలేదని 2018లో సుప్రీంకోర్టు నిర్ధారించడంతో ట్రక్కుపై వేసిన దరఖాస్తు నిలవలేదు.

ఉల్లంఘన ఉన్నంత మాత్రాన చాలదు

మృతుడు ఏదో ఒక నిబంధనను ఉల్లంఘించాడని చూపి, దాని నుండి నేరుగా కోతకు వెళ్ళడం ప్రతివాదుల వాదనలో కనిపించే సాధారణ ధోరణి. కొన్ని సందర్భాలలో క్రింది న్యాయస్థానాలు కూడా ఈ మార్గాన్నే అనుసరించాయి. సుప్రీంకోర్టు దీనిని పలుమార్లు సరిదిద్దింది.

ఒక మోటారు సైకిలుపై ముగ్గురు ప్రయాణిస్తుండగా కారు ఢీకొని, వెనుక కూర్చున్న 23 ఏళ్ళ యువకుడు మరణించిన కేసు ఇందుకు ముఖ్యమైన ఉదాహరణ. ప్రమాదం ఢిల్లీలో 2008లో జరిగింది. ముగ్గురు ప్రయాణించడం మోటారు వాహనాల చట్టం 128వ సెక్షనుకు విరుద్ధం. ఆ కారణంగా ఢిల్లీ హైకోర్టు 20 శాతం కోత విధించింది. 2020 జనవరిలో సుప్రీంకోర్టు ఆ కోతను రద్దు చేసింది. ఉల్లంఘనకు, ప్రమాదం జరగడానికి మధ్య కారణ సంబంధం ఉండాలి, లేదా ఉల్లంఘనకు, బాధితునిపై ప్రమాద ప్రభావానికి మధ్య సంబంధం ఉండాలి అన్నది ఆ తీర్పు సారాంశం. ఈ రెండింటిలో ఏదీ రుజువు కానప్పుడు ఉల్లంఘన జరిమానాకు కారణం కావచ్చును గాని పరిహారంలో కోతకు కారణం కాజాలదు.

డ్రైవింగ్ లైసెన్సు విషయంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. లైసెన్సు లేకపోవడం దానంతటదే నిర్లక్ష్యం కాదని 2008లోను, లైసెన్సు చూపలేదన్న కారణంతో నిర్లక్ష్యాన్ని ఊహించరాదని 2018లోను సుప్రీంకోర్టు తీర్పులు వచ్చాయి. లైసెన్సు ఉన్నవారందరూ జాగ్రత్తగా నడుపుతారనీ, లేనివారందరూ అజాగ్రత్తగా నడుపుతారనీ సాక్ష్య చట్టం భావించదు.

హెల్మెట్ సంగతి కొంత సున్నితమైనది. హెల్మెట్ ధరించకపోవడం వల్ల ప్రమాదం జరగదు, గాయం తీవ్రత మాత్రం పెరగవచ్చును. అందుచేత పైన చెప్పిన పరీక్షలోని రెండవ భాగం ఇక్కడ ముఖ్యమవుతుంది. మరణానికి కారణం తలకు తగిలిన గాయమేనా, హెల్మెట్ ఉంటే ఫలితం మారి ఉండేదా అన్నది పోస్టుమార్టం నివేదిక, వైద్యుని సాక్ష్యం ద్వారా తేలాలి. ఛాతీపై నుండి లారీ చక్రం వెళ్ళి మరణించిన వ్యక్తి విషయంలో హెల్మెట్ ప్రస్తావన అసందర్భమే అవుతుంది.

మద్యం వాసన గురించిన వాదన కూడా ఇటువంటిదే. పోస్టుమార్టంలో మద్యం ఆనవాళ్ళు కనిపించాయన్న ఒక్క కారణంతోను, ప్రమాదం తరువాత వాహనాలు పడి ఉన్న తీరును స్థల పంచనామా ఆధారంగా చూసి మాత్రమేను మృతునికి నిర్లక్ష్యాన్ని ఆపాదించరాదని 2013లో సుప్రీంకోర్టు పేర్కొన్నది. ఢీకొన్న తాకిడికి వాహనాలు ఎటు విసిరివేయబడతాయో ముందుగా చెప్పలేము. చివరకు పడి ఉన్న చోటు, ఢీకొన్న చోటు ఒకటి కానక్కరలేదు.

ఇక జాతీయ రహదారులపై నిలిపి ఉంచిన లారీలను రాత్రివేళ వెనుక నుంచి ఢీకొనే ప్రమాదాలు ఉన్నాయి. తెలుగు రాష్ట్రాల దినపత్రికలు చదివేవారికి ఇవి కొత్త కావు. ముందు ఉన్న వాహనాన్ని చూసుకోవలసిన బాధ్యత వెనుక వచ్చేవారిదేనన్న సాధారణ అభిప్రాయం వలన ఇటువంటి కేసులలో సగానికి సగం కోత పడిన సందర్భాలున్నాయి. అయితే ఇతరులకు అపాయం కలిగే విధంగా వాహనాన్ని రోడ్డుపై వదలరాదని చట్టంలోని 122వ సెక్షను చెబుతున్నది. నిలిపిన వాహనానికి పార్కింగ్ దీపాలు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నియమాలు నిర్దేశిస్తున్నాయి. ఇండికేటరు దీపాలు లేకుండా రాత్రి రోడ్డు మధ్యలో నిలిపిన గ్యాస్ ట్యాంకరును కారు ఢీకొన్న కేసులో హైకోర్టు విధించిన 50 శాతం కోతను 2018లో సుప్రీంకోర్టు తొలగించింది. పైన పేర్కొన్న 2024 నాటి తీర్పు కూడా హెచ్చరిక గుర్తులు లేకుండా రహదారి మధ్య వదలిన భారీ ట్రక్కుకు సంబంధించినదే. చీకటిలో దీపం లేని వాహనం కనిపించకపోవడం, చూడకపోవడం ఒకటి కాదు.

అన్ని కోతలూ అన్యాయమైనవని దీని అర్థం కాదు. ఎదురు దిశలో వచ్చినట్లు, కూడలిలో ఎరుపు దీపాన్ని దాటినట్లు నమ్మదగిన సాక్ష్యం ఉంటే కోత తప్పదు. కోయంబత్తూరు సమీపంలో హైవేపై కారు హఠాత్తుగా ఆగగా, వెనుక వస్తున్న మోటారు సైకిలు దానికి తగిలి చోదకుడు పడిపోయాడు. అతనిపై నుండి బస్సు వెళ్ళడంతో కాలు కోల్పోయాడు. 2025 జూలైలో ఈ కేసులో సుప్రీంకోర్టు కారుకు 50, బస్సుకు 30, బాధితునికి 20 శాతంగా బాధ్యతను పంచింది. ముందు వాహనానికి తగిన దూరం పాటించలేదన్న అంశాన్ని అతని వంతుగా లెక్కించింది. ఇది గాయపడిన కేసే అయినా పంపకం సూత్రం మరణాల కేసులకూ ఇదే.

రుజువు భారం ఎవరిది?

మృతునిది కూడా తప్పేనని చెప్పేవారే దానిని రుజువు చేయాలి. గట్టి సాక్ష్యం లేకుండా ఈ సూత్రాన్ని వర్తింపజేయరాదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. ట్రిబ్యునల్ ఎదుట క్రిమినల్ కేసులో వలె సందేహాతీతమైన రుజువు అవసరం లేదు, సంభావ్యత ఎటు మొగ్గితే అటు నిర్ధారణ చేస్తారు. చోదకుడు క్రిమినల్ కేసులో నిర్దోషిగా విడుదలైనా పరిహార దరఖాస్తుకు అది అడ్డు కాదు. 1980 నుండి ఇది స్థిరపడిన విషయం.

క్షేత్ర స్థాయిలో ఒక ఇబ్బంది తరచుగా ఎదురవుతున్నది. ఎదుటి వాహన చోదకుడు ముందుగా స్టేషనుకు వెళ్ళి ఫిర్యాదు చేస్తే ఎఫ్.ఐ.ఆర్. మృతునిపైనే నమోదవుతుంది. నిందితుడు మరణించినందున కేసు మూతపడుతుంది. ఆసుపత్రిలోను, అంత్యక్రియలలోను ఉన్న కుటుంబానికి ఈ సంగతి నెలల తరువాత గాని తెలియదు. ఎఫ్.ఐ.ఆర్. తుది సత్యం కాదు. ప్రత్యక్ష సాక్షిని విచారించి దానిని ఖండించే అవకాశం ట్రిబ్యునల్ ఎదుట ఉన్నది. కాని ఆ సాక్షి దొరకడమే కష్టం.

శాతం అంటే ఎంత డబ్బు?

ఉదాహరణకు 34 ఏళ్ళ స్వయం ఉపాధి మెకానిక్ నెలకు రూ. 15,000 సంపాదిస్తూ మరణించాడనుకుందాం. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి ఆయనపై ఆధారపడినవారు. 2009 నాటి సరళా వర్మ తీర్పు, 2017 నాటి ప్రణయ్ సేథీ తీర్పు నిర్దేశించిన పద్ధతిలో లెక్క ఈ విధంగా సాగుతుంది. వార్షికాదాయం రూ. 1,80,000. భవిష్యత్తులో ఆదాయం పెరిగే అవకాశానికి 40 శాతం కలిపితే రూ. 2,52,000. ఆధారపడినవారు నలుగురు కనుక సొంత ఖర్చుల క్రింద నాలుగవ వంతు తీసివేస్తే రూ. 1,89,000. 31 నుండి 35 ఏళ్ళ వయస్సుకు గుణకం 16. కనుక ఆదాయ నష్టం రూ. 30,24,000. ఆస్తి నష్టం, అంత్యక్రియల ఖర్చు పద్దులకు రూ. 15,000 చొప్పున, సాంగత్య నష్టానికి ఒక్కొక్కరికి రూ. 40,000 చొప్పున కలిపితే మొత్తం రూ. 32,14,000 అవుతుంది. ఈ చివరి పద్దులను మూడేళ్ళకొకసారి 10 శాతం పెంచవలసి ఉన్నది. ఇక్కడ 2017 నాటి మూల మొత్తాలనే తీసుకోవడం జరిగింది.

ఇప్పుడు 25 శాతం పాక్షిక నిర్లక్ష్యం అని తేలితే రూ. 8,03,500 తగ్గి, చేతికి వచ్చేది రూ. 24,10,500. ఆ తగ్గిన మొత్తం మృతుని నాలుగేళ్ళకు పైబడిన సంపాదనతో సమానం. 50 శాతం అయితే మిగిలేది రూ. 16,07,000. వడ్డీ కూడా తగ్గిన మొత్తంపైనే లెక్కిస్తారు. స్కెచ్‌లో ఒక గీత అటో ఇటో పడినందువల్ల మారగలిగిన డబ్బు ఇది.

తప్పుతో నిమిత్తం లేని మార్గం

2019 సవరణకు పూర్వం 140వ సెక్షను క్రింద మరణానికి రూ. 50,000 తప్పుతో నిమిత్తం లేకుండా లభించేది. మృతుని నిర్లక్ష్యం కారణంగా ఆ మొత్తాన్ని తగ్గించరాదని సెక్షనులోనే ఉండేది. 1994లో చేర్చిన 163-ఎ సెక్షను క్రింద వచ్చే దరఖాస్తులలోనూ బీమా సంస్థ నిర్లక్ష్యం వాదనను లేవనెత్తరాదని 2017లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. 2022 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన కొత్త 164వ సెక్షను వీటి స్థానాన్ని ఆక్రమించింది. దీని క్రింద ఎవరి నిర్లక్ష్యాన్నీ రుజువు చేయనవసరం లేకుండా మరణానికి రూ. 5 లక్షలు లభిస్తాయి.

అయితే 149వ సెక్షను విధానంలో ఈ మొత్తాన్ని స్వీకరిస్తే 166వ సెక్షను క్రింద వేసిన దరఖాస్తు రద్దవుతుంది. పై ఉదాహరణలో సగం కోత పడినా కుటుంబానికి వచ్చేది రూ. 16 లక్షలకు పైనే. కనుక పాక్షిక నిర్లక్ష్యం వాదనకు భయపడి రూ. 5 లక్షలకు సంతకం చేసే ముందు న్యాయ సలహా తీసుకోవడం మంచిది. జిల్లా న్యాయసేవాధికార సంస్థల ద్వారా ఈ సలహా పొందవచ్చును.

ప్రమాదానికి పూర్తిగా మృతుడే కారకుడైతే 166వ సెక్షను క్రింద ఆయన కుటుంబానికి పరిహారం రాదు. ఈ విషయాన్ని 2025 జూలైలో సుప్రీంకోర్టు మళ్ళీ ధ్రువపరచింది. అటువంటి సందర్భంలో మృతుడు వాహన యజమాని అయి ఉంటే వ్యక్తిగత ప్రమాద బీమా పాలసీ ఉన్నదేమో చూడాలి. యజమాని-చోదకునికి ఈ బీమా మొత్తాన్ని 2018లో రూ. 15 లక్షలుగా నిర్ణయించారు.

అధికారులు, పాత్రికేయులు గమనించవలసినవి

2022 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న నియమాల ప్రకారం దర్యాప్తు అధికారి 48 గంటలలో తొలి ప్రమాద నివేదికను, 50 రోజులలో మధ్యంతర నివేదికను, 90 రోజులలో సవివర నివేదికను ట్రిబ్యునల్‌కు సమర్పించాలి. వీటిని పటిష్ఠంగా అమలు చేయాలని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఈ నివేదికలలో శాతాలు ఉండవు, ఉండనవసరం లేదు. కాని ఢీకొన్న చోటు, వాహనాలు చివరకు ఆగిన చోటు విడివిడిగా గుర్తించాలి. బ్రేకు గుర్తుల పొడవు, రోడ్డు వెడల్పు, మార్జిన్ స్థితి, వీధి దీపాలు వెలుగుతున్నవీ లేనివీ, ఆగి ఉన్న వాహనం వెనుక దీపాలు, రిఫ్లెక్టర్లు పనిచేస్తున్నవీ లేనివీ వ్రాయాలి. వాన పడితే బ్రేకు గుర్తు మిగలదు, మరునాడు లారీకి కొత్త రిఫ్లెక్టరు రావచ్చును. మోటారు వాహనాల తనిఖీ అధికారి నివేదిక ఆలస్యమైనకొద్దీ దాని విలువ తగ్గుతుంది. ఫొటోలు తీసిన సమయం నమోదు కావాలి.

పత్రికా వార్త దానంతటదే సాక్ష్యం కాదు. అయినప్పటికీ ప్రమాదం జరిగిన రాత్రే అతివేగమే కారణమని, హెల్మెట్ లేకపోవడం వల్లనే మృతి అని వ్రాసిన వాక్యం ఆ ఊరిలో నిలిచిపోతుంది. సాక్ష్యం చెప్పగలిగినవారు కూడా దానినే నమ్మడం మొదలుపెడతారు. పోలీసులు అనుమానిస్తున్నది, నిర్ధారణ అయినది వేరువేరుగా పేర్కొనడం వార్తకు లోటు కాదు. ట్రిబ్యునల్ తీర్పులను నివేదించేటప్పుడు మొత్తం పరిహారం ఎంత, మృతుని వంతుగా తగ్గించినది ఎంత, ఏ సాక్ష్యం ఆధారంగా తగ్గించారు అన్న మూడు అంశాలూ ఇస్తే పాఠకునికి విషయం పూర్తిగా తెలుస్తుంది.

గడువులు, అప్పీళ్ళు

దరఖాస్తును ప్రమాదం జరిగిన ప్రాంతపు ట్రిబ్యునల్‌లోనే వేయనక్కరలేదు. కుటుంబం నివసించే చోట కూడా వేయవచ్చును. మహారాష్ట్ర లేదా కర్ణాటక రహదారిపై ప్రమాదంలో మరణించిన మహబూబ్‌నగర్ వలస కార్మికుని కుటుంబం మహబూబ్‌నగర్‌లోనే దాఖలు చేసుకునే వీలున్నది. 2019 సవరణ ప్రమాదం జరిగిన నాటి నుండి ఆరు నెలల గడువు విధించింది. దీని చెల్లుబాటును సుప్రీంకోర్టులో సవాలు చేయడం జరిగింది. ఏది ఏమైనా గడువు లోపల దాఖలు చేయడమే క్షేమం.

ట్రిబ్యునల్ నిర్ణయించిన శాతంపై అభ్యంతరం ఉన్నవారు 90 రోజులలోగా హైకోర్టుకు అప్పీలు చేసుకోవచ్చును. వివాదంలో ఉన్న మొత్తం రూ. లక్ష కంటె తక్కువైతే అప్పీలుకు వీలు లేదు. పరిహారం చెల్లించవలసిన పక్షం అప్పీలు చేస్తే ముందుగా రూ. 25,000 లేదా తీర్పు మొత్తంలో సగం, ఏది తక్కువైతే అది జమ చేయాలి. పరిహారం కోరే కుటుంబానికి ఈ షరతు లేదు.